1966 మస్టాంగ్ 200 సిక్స్: తొక్కినకొద్దీ చప్పుడే తప్ప లాగడం లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఓక్‌ట్రీ_వైరా

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాను. సొంతూరు ఖమ్మం దగ్గర వైరా. పోయిన ఏడాది జూన్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. లేత నీలం రంగు హార్డ్‌టాప్, 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు గేర్ల ఆటోమేటిక్.

ఆ పెద్దాయన ముప్ఫై ఏళ్లు రూట్ 1 మీద ఉన్న ఫోర్డ్ ప్లాంటులో పనిచేశారు. పేరుకు మెటచెన్ ప్లాంటు అంటారు గానీ ఉన్నది ఎడిసన్‌లోనే. 2004లో మూసేశారు. కారు చూడ్డానికి వెళ్లిన రోజు ఆయన బానెట్ ఎత్తి, లోపల రేకు మీద కొట్టిన నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి చెప్పారు. మొదటి 6 అంటే 1966. తర్వాత టీ అంటే మెటచెన్. 07 అంటే హార్డ్‌టాప్. ఆ పక్కన మళ్లీ టీ అంటే 200 సిక్స్. అంటే ఈ కారు పుట్టిందీ ఇదే ఊళ్లో, ఇప్పుడున్నదీ ఇదే ఊళ్లో. అందుకే దీన్ని అమ్మేసి ఇంకోటి కొనుక్కోమనే సలహా మాత్రం ఇవ్వకండి.

సమస్య ఏమిటంటే, స్టార్టింగ్ బాగుంది. స్లోలో నిలకడగా ఆడుతుంది. ఊళ్లో 30 మైళ్ల వేగంతో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. పికప్ మాత్రం లేదు. యాక్సిలరేటర్ సగం తొక్కితే ఎంత లాగుతుందో, పూర్తిగా తొక్కితే అంతకన్నా తక్కువ లాగుతుంది. గాలి పీలుస్తున్న చప్పుడు పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు రాదు.

పోయిన నెల నేనూ, నా భార్యా, బాబూ బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు వాచుంగ్ కొండ ఎక్కే దారి పట్టాను. కింద 45లో ఉన్నది పైకి చేరేసరికి 28కి పడిపోయింది. వెనక ఆరేడు కార్లు వరసగా ఆగిపోయాయి. మా బాబు వెనక సీట్లోంచి "నాన్నా, కారుకి జ్వరమొచ్చిందా" అని అడిగాడు. టెన్షన్‌తో నా అరచేతులు తడిసిపోయాయి.

ఇప్పటిదాకా చేయించినవి: కొత్త ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, రెండు ఫిల్టర్లు. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు తెంచే పాత స్విచ్చు) తీసేసి వాటి చోట ఎలక్ట్రానిక్ కిట్ పెట్టాను. పాత కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే ఇక్కడి ఒక షాపువాళ్లు "ఇది మస్టాంగ్ సిక్స్‌కి సరిపోతుంది" అని రీబిల్ట్ చేసినదాన్ని బిగించారు. అదీ ఒక బ్యారెల్‌దే, అంటే గాలి పోయే గొంతు ఒక్కటే. ఈ జబ్బు అప్పుడే మొదలైందా అంటే చెప్పలేను. పెద్దాయన ఆరోగ్యం బాగోక అంతకుముందు ఆరేళ్లు బండిని షెడ్డులోంచి తీయలేదు. ఆయన మాత్రం ఒకసారి నా పక్కన కూర్చుని, "ఇది ఇలా ఉండేది కాదు" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

దగ్గర 1,500 డాలర్లున్నాయి. రెండు బ్యారెళ్ల కార్బొరేటర్, హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే ప్రత్యేక గొట్టాలు), 70ల చివర్లో వచ్చిన పెద్ద సిలిండర్ హెడ్ అని నెట్‌లో చాలామంది చెబుతున్నారు. వీటిలో ముందు ఏది చేయాలి? ఏది చేస్తే ఆ కొండ ఎక్కుతుంది?

డల్లాస్_గరుడ

బ్రదర్, ఆ 1,500కి ఇంకొంచెం కలిపి 302 వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) దించేయండి. 200 సిక్స్ కొత్తలోనే 120 గుర్రాల ఇంజిన్. మీరు దానికి ఎంత పెట్టినా మా ఇంట్లో ఉన్న కామ్రీ ముందు నిలబడదు. సిక్స్ మీద పెట్టిన డబ్బు కారు అమ్మేటప్పుడు కూడా తిరిగి రాదు.

ఆటోనగర్_పెద్దబ్బాయి

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ 1,500 డాలర్లు జేబులోనే ఉంచు. ఇంకా ఏదీ ఆర్డర్ పెట్టకు. నీ ఇంజిన్‌కి బలం తక్కువ కాలేదు. ఉన్న బలాన్ని ఎవరో తెలియక కట్టిపడేశారు. నువ్వు రాసిన ఒకే ఒక్క వాక్యం నన్ను ఈ అర్ధరాత్రి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది: సగం తొక్కితే లాగినంత కూడా పూర్తిగా తొక్కితే లాగడం లేదన్నావు చూడు, అదీ. ఈ లక్షణం నా 1965 కారులో రెండేళ్లు అనుభవించాను.

నేను మిషిగన్‌లో ఉంటాను. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల షెడ్డు. ఎనిమిదో తరగతి నుంచి సెలవులన్నీ అక్కడే. టాటా ఆరు సిలిండర్ల డీజిల్ దగ్గర నిలబెట్టి నాన్న నాతో "ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు" అని ఎక్కంలా వల్లె వేయించేవాడు. పాతికేళ్ల తర్వాత ఇక్కడ ఈ ఫోర్డ్ సిక్స్ కొని మాన్యువల్ తెరిస్తే ఫైరింగ్ ఆర్డర్ అదే! ఆ రోజు నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

సరే, విషయానికి వస్తాను. నీ కారులో ఉన్న డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా స్పార్క్ పంపేది) మామూలుది కాదు. దాన్ని లోడ్-ఓ-మాటిక్ అంటారు. సాధారణంగా డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న బరువులుంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకుని స్పార్క్‌ని ముందుకు జరుపుతాయి. వేగం పెరిగితే స్పార్క్ ముందే పడాలి, లేకపోతే పెట్రోలు మండి ఒత్తిడి పుట్టేలోపు పిస్టన్ కిందికి దిగిపోతుంది. నీ డిస్ట్రిబ్యూటర్‌లో ఆ బరువులే లేవు. మొత్తం అడ్వాన్స్, అంటే స్పార్క్‌ని ముందుకు జరపడం, అంతా కార్బొరేటర్ నుంచి వచ్చే వ్యాక్యూమ్ మీదే నడుస్తుంది.

పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్‌లో (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు గాలి పోయే దారి) వ్యాక్యూమ్ ఉండదు కదా, మరి అప్పుడెలా అని అడుగుతావు. అందుకే ఫోర్డ్ వాళ్లు దీనికి జంటగా ఆటోలైట్ 1100 అనే కార్బొరేటర్ ఇచ్చారు. దాని వెంచురీ నుంచి, అంటే గాలి సన్నటి గొంతులోంచి దూసుకుపోయే చోటు నుంచి, ఒక సన్నటి దారి డిస్ట్రిబ్యూటర్‌కి వెళుతుంది. గాలి ఎంత వేగంగా పోతే అక్కడ వ్యాక్యూమ్ అంత పెరుగుతుంది. అంటే బరువులు చేయాల్సిన పని అది చేస్తుంది. దానికి తోడు పక్కన స్పార్క్ కంట్రోల్ వాల్వ్ అని ఒక చిన్న వాల్వ్ ఉండి, త్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే రేకు) దగ్గరి వ్యాక్యూమ్‌ని ఎప్పుడు కలపాలో ఎప్పుడు ఆపాలో చూసుకుంటుంది. ఆ డిస్ట్రిబ్యూటరూ, ఈ కార్బొరేటరూ మొగుడూ పెళ్లాల్లాంటివి. ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని ఉంచితే కాపురం సాగదు.

1968 నుంచి ఫోర్డ్ ఈ పద్ధతి వదిలేసి మామూలు బరువుల డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చింది. అప్పటి కార్బొరేటర్లకు ఆ వాల్వ్ లేదు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, నీ ఇంజిన్ మీద బోల్టులు కూడా చక్కగా కూర్చుంటాయి. నీకు బిగించింది ఆ తర్వాతి రకం అని నా నమ్మకం. దాని గొట్టంలో వచ్చేది త్రాటిల్ దగ్గరి వ్యాక్యూమ్ మాత్రమే. మెల్లగా పోతున్నప్పుడు అది ఉంటుంది కాబట్టి ఊళ్లో బాగానే అనిపిస్తుంది. కొండ దగ్గర పెడల్ నేలకు తొక్కగానే అది సున్నా అవుతుంది. స్పార్క్ వెనక్కి, స్లోలో ఉండే చోటికి జారిపోతుంది. బలం కావలసిన క్షణంలోనే బలం పోతుంది.

ఇంకోటి. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టావు, మంచిదే. కానీ అది స్పార్క్‌ని పుట్టించే పద్ధతినే మారుస్తుంది, ఎప్పుడు పడాలో మార్చదు. ఆ కిట్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నావో కూడా చూడు. ఈ పాత ఫోర్డుల్లో ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి గులాబీ రంగు రెసిస్టెన్స్ వైరు ఉంటుంది. పాయింట్లు కాలిపోకుండా వోల్టేజీ తగ్గించడం దాని పని. కిట్‌ని దాని చివర కలిపితే దానికి పూర్తి 12 వోల్టులు అందవు.

నా మాట నమ్మొద్దు, నువ్వే పరీక్ష చేసుకో. ఈ వారాంతం గంటన్నర చాలు.

మొదట కార్బొరేటర్ చూడు. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి గొట్టం బయల్దేరే చోట, పక్కనే పెద్ద మరలాంటి గుండ్రటి వాల్వ్ ఉందా? లేకపోతే సగం రోగం దొరికినట్టే. తర్వాత ఒక వ్యాక్యూమ్ గేజీ కొను, ఇరవై డాలర్లు ఉంటుంది. ఆ గొట్టంలో టీ ముక్క పెట్టి, పొడుగాటి రబ్బరు పైపుతో గేజీని అద్దం మీద వైపర్ కింద ఇరికించి బండి తోలు. నీ భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఆమెను చదవమను, నువ్వు రోడ్డు చూడు. ఎత్తు మీద పూర్తిగా తొక్కినప్పుడు ముల్లు సున్నాకి పడిపోయి అక్కడే ఉంటే నేను చెప్పింది నిజం.

ఇంటికొచ్చాక టైమింగ్ లైటు పట్టు. అయితే దానికి ముందు ఇంకో మోసం కనిపెట్టాలి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ముందున్న బ్యాలెన్సర్‌లో బయటి చక్రానికీ లోపలి ముక్కకూ మధ్య రబ్బరు ఉంటుంది. అరవై ఏళ్లకు ఆ రబ్బరు చచ్చి బయటి చక్రం జారిపోతుంది, దాని మీద ఉన్న టైమింగ్ గుర్తు కూడా దాంతోపాటే జారుతుంది. అబద్ధం చెప్పే గుర్తు పెట్టుకుని నువ్వు ఎంత బాగా సెట్ చేసినా వృథా. బ్యాటరీ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండర్ ప్లగ్ కంతలో పిస్టన్ స్టాప్ బిగించు. క్రాంక్‌ని చేత్తో ఒకవైపు ఆగేదాకా మెల్లగా తిప్పి, పాయింటర్ ఎదురుగా చాక్‌పీసుతో గీత పెట్టు. రెండోవైపు తిప్పి ఇంకో గీత పెట్టు. రెండు గీతలకూ సరిగ్గా మధ్యన ఉన్నదే అసలు టాప్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ఫ్యాక్టరీ గుర్తు అక్కడ లేకపోతే కొత్త గీత పెట్టుకో. ప్లగ్గులు ఎలాగూ విప్పావు కాబట్టి ఆరు సిలిండర్ల కంప్రెషన్ కూడా చూసెయ్. దానికి స్టాప్ తీసేసి, బ్యాటరీ మళ్లీ పెట్టి, కాయిల్ వైరు పీకి, త్రాటిల్ పూర్తిగా తెరిచి స్టార్టర్ కొట్టు.

ఇక గరుడ గారూ, మీ మీద కోపం లేదు గానీ, ఆ సలహా ఇచ్చే ముందు లెక్క మొత్తం చెప్పాలి. సిక్స్ మస్టాంగ్‌కి చక్రానికి నాలుగు బోల్టులు, వీ8కి అయిదు. వెనక యాక్సిల్ వేరు, ముందు స్ప్రింగులు వేరు, బ్రేకులు వేరు, రేడియేటర్ వేరు. ఇంజిన్ ఒక్కటే దించి ఇవన్నీ వదిలేస్తే ఆ కారులో పిల్లాణ్ణి కూర్చోబెట్టకూడదు. పైగా ఆ 200లో, 1965 నుంచీ, ఏడు మెయిన్ బేరింగులున్నాయి. అంత గట్టి క్రాంక్ ఉన్న ఇంజిన్‌ని స్పార్క్ తప్పు పడుతోందని పారేస్తామా?

ఓక్‌ట్రీ_వైరా

అన్నగారూ, మీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. శనివారం పొద్దున్నే మొదలుపెట్టి అన్నీ చేశాను.

కార్బొరేటర్‌కి మీరన్న వాల్వ్ లేదు. ఆ చోట చదునైన ఇనుము తప్ప ఏమీ లేదు.

గేజీ వైపర్ కింద పెట్టి ఇన్‌మన్ అవెన్యూ వైపు చిన్న ఎత్తు మీద తొక్కాను. నా భార్య చదువుతూ వచ్చింది: "పద్నాలుగు, పదిహేను, పదకొండు, సున్నా. సున్నానే ఉంది. ఇంకా సున్నానే." అంతసేపు సున్నా అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని నెలలు నేను బండిని కొండ ఎక్కమని తొక్కుతూ, అదే కాలితో దాని గొంతు నొక్కుతున్నానన్నమాట.

బ్యాలెన్సర్ గుర్తు దాదాపు 7 డిగ్రీలు తేడా ఉంది. రెండుసార్లు కొలిచాను. కంప్రెషన్ 150, 147, 152, 145, 150, 148. ఇది ఎలా ఉంది? కిట్ వైరు మీరన్నట్టే గులాబీ వైరు చివర కలిపి ఉంది, కీ ఆన్ చేసి మీటరు పెడితే 12 కాదు, 8 దాకా వచ్చింది.

ఇప్పుడు పాత 1100 వెతుక్కోనా, డిస్ట్రిబ్యూటర్ మార్చనా?

ఆటోనగర్_పెద్దబ్బాయి

కంప్రెషన్ బంగారం. ఆరింటికీ మధ్య తేడా ఏడే. ఇంజిన్ విప్పే పనే లేదు, రీబోర్ మాట ఎవరైనా ఎత్తితే వినకు.

రెండు దారులూ సరైనవే, జంట కలవడమే ముఖ్యం. కారుని ఉన్నది ఉన్నట్టు ఉంచాలనుకుంటే వాల్వ్ ఉన్న అసలు 1100 వెతికి రీబిల్ట్ చేసుకో. ముందుముందు ఇంకొంచెం బలం కావాలనుకుంటే డిస్ట్రిబ్యూటర్ మార్చు. నేనైతే డిస్ట్రిబ్యూటరే మారుస్తాను, ఎందుకంటే లోడ్-ఓ-మాటిక్ ఉన్నంతకాలం ఇంకే కార్బొరేటరూ పెట్టుకోలేవు. 70ల చివర్లో ఫెయిర్‌మాంట్ లాంటి కార్లలో ఇదే 200కి వచ్చిన డ్యూరాస్పార్క్ డిస్ట్రిబ్యూటర్‌లో బరువులూ ఉన్నాయి, వ్యాక్యూమూ ఉంది. నేను అదే పెట్టాను. కొనే ముందు అడుగున ఆయిల్ పంప్‌ని తిప్పే ఆరు పలకల షాఫ్ట్ కొలత చూసుకో, రెండు సైజులున్నాయి. దానికి విడిగా మాడ్యూల్ పెట్టె కావాలి, 12 వోల్టులు కావాలి. రిలే ఒకటి పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా తెచ్చుకో. నాకు రీబిల్ట్ డిస్ట్రిబ్యూటర్, మాడ్యూల్, క్యాప్, వైర్లు కలిపి 230 డాలర్లయింది.

సెట్టింగ్: వ్యాక్యూమ్ గొట్టం పీకి మూసి, స్లోలో స్పార్క్ టాప్‌కి 12 డిగ్రీల ముందు పడేలా పెట్టు. మెల్లగా రేజ్ చేస్తూ లైటు కొడితే 3,000 దగ్గర మొత్తం 34 దాకా రావాలి. నా ఇంజిన్‌కి నప్పింది అది. కొండ మీద గలగలమని గోళీలు దొర్లినట్టు చప్పుడొస్తే అది నాకింగ్, రెండు డిగ్రీలు వెనక్కి తిప్పు. ఆ చప్పుడు విని కూడా తోలితే పిస్టన్లు పోతాయి.

ఇప్పుడు నువ్వు మొదట అడిగినవాటికి వస్తాను. రెండు బ్యారెళ్లు ఎంతవరకు ఉపయోగమో లెక్క వెయ్యి. 200ని 4,400 ఆర్‌పీఎంతో గుణించి 3,456తో భాగిస్తే 255 వస్తుంది. నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి ఈ ఇంజిన్ పీల్చగలిగిన గరిష్ఠం. నిజంగా సిలిండర్లు అంత నిండవు, మూడొంతులు నిండుతాయనుకున్నా 190. కాబట్టి నాలుగు బ్యారెళ్లు శుద్ధ దండగ. చిన్న రెండు బ్యారెళ్లది చాలు. కానీ ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ విడిగా ఉండదు, హెడ్‌తో కలిపి ఒకే పోతలో దుంగలా పోశారు. అందుకే దాన్ని లాగ్ హెడ్ అంటారు. పైన ఎంత పెద్ద నోరు పెట్టినా గాలి ఆ ఇరుకు సొరంగంలోంచే పోవాలి. కార్బొరేటర్ మార్పు తేడా చూపిస్తుంది గానీ నెట్‌లో చెప్పినంత కాదు.

హెడ్ విషయంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 70ల చివరి హెడ్‌లో వాల్వులు పెద్దవి, లాగ్ పెద్దది, నిజమే. కానీ దాని కంబషన్ ఛాంబర్ కూడా పెద్దది: నీ హెడ్‌లో 52 సీసీ దగ్గర ఉంటే అందులో 62. పైగా ఇప్పుడు దొరికే హెడ్ గ్యాస్కెట్ పాత రేకు గ్యాస్కెట్‌కి రెట్టింపు మందం, అదో నాలుగు సీసీ. నీ కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో గాలి ఎన్ని రెట్లు నలుగుతుందో, కంపెనీ లెక్కలో 9.2. ఆ హెడ్‌ని ఉన్నది ఉన్నట్టు బిగిస్తే 7.8కి పడిపోతుంది. డబ్బు పెట్టి బలం తగ్గించుకున్నట్టు! లేత్ షాపులో ఫేసింగ్ చేయించి తీరాలి. నాది 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) తీయించాను. ఈ పని వచ్చే ఏడాదికి పెట్టుకో, తొందరేం లేదు.

హెడర్ గురించి ఒక్క మాట. పెడితే రెండు గొట్టాలది పెట్టు, ముందు మూడు సిలిండర్లు ఒకదాంట్లోకి, వెనక మూడు ఇంకోదాంట్లోకి. 1-5-3-6-2-4 నోటితో అనుకుంటూ వేళ్ల మీద లెక్కపెట్టు: ముందు, వెనక, ముందు, వెనక. ఒక్కో గొట్టంలో పొగ సమాన విరామంతో వస్తుంది, ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డం పడదు. ఆ సైలెన్సర్ చప్పుడు వింటే నీకు నిద్ర పట్టదు. ఎంత బాగుంటుందో చెప్పలేను, వినాల్సిందే.

ఆ 120 గుర్రాలన్నది ఫ్యాన్, సైలెన్సర్ లాంటివి లేకుండా స్టాండు మీద కొలిచిన లెక్క, చక్రాల దగ్గర అంత ఎప్పుడూ లేదు. అయినా కొండ ఎక్కడానికి అది ఎక్కువే.

ఫాల్కన్_66

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కాలిఫోర్నియాలో ఇదే ఇంజిన్ ఉన్న 1966 ఫాల్కన్ నడుపుతాను, మా అమ్మాయిని స్కూలుకి కూడా అందులోనే దింపుతాను. ఇంత వివరంగా బలం గురించి మాట్లాడుకున్నారు, ఆపడం గురించి ఎవరూ అడగలేదు.

ఓక్‌ట్రీ గారూ, మీ కారుకి బ్రేక్ మాస్టర్ సిలిండర్ మార్చారా? 1966 దాకా ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్ ఉండేది. నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 నుంచే ముందుకీ వెనక్కీ వేర్వేరు గదులు వచ్చాయి. నాకు 2019లో వెనక చక్రం సిలిండర్ కారి, మా వీధిలోకి తిరుగుతుండగా పెడల్ నేలకు తగిలింది. వేగం పది మైళ్లు లేదు కాబట్టి హ్యాండ్‌బ్రేక్‌తో ఆపగలిగాను. పక్కన నా కూతురుంది. ఆ సాయంత్రం తను నిద్రపోయాక గరాజ్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మరుసటి వారమే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించాను, మూడు రబ్బరు గొట్టాలూ మార్చాను. సిక్స్ మస్టాంగ్‌లకు నాలుగు చక్రాలకూ 9 అంగుళాల డ్రమ్ములే వచ్చాయి, మీవీ అవే అయ్యుంటాయి. వీలైతే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టండి. హెడర్‌కి దాచిన డబ్బు దీనికి వాడండి, బాబుని వెనక కూర్చోబెడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఆటోనగర్_పెద్దబ్బాయి

అమ్మా, నువ్వు రాసింది నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. తమ్ముడూ, ఆమె చెప్పినట్టే చెయ్. డిస్ట్రిబ్యూటర్ తర్వాత పైసా ఖర్చు పెట్టినా బ్రేకుల మీదే. మిగతావన్నీ వచ్చే ఏడాది.

ఓక్‌ట్రీ_వైరా

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

డ్యూరాస్పార్క్ డిస్ట్రిబ్యూటర్ పెట్టాను. షాఫ్ట్ సైజు చూసుకోమని మీరు చెప్పకపోతే మొదట ఆర్డర్ పెట్టినదే బిగించడానికి కుస్తీ పట్టేవాణ్ణి, అది ఇంకో సైజు, వెనక్కి పంపేశాను. రిలే పెట్టి 12 వోల్టులిచ్చాను. బ్యాలెన్సర్ మీద తెల్ల పెయింటుతో కొత్త గీత గీశాను. స్లోలో 12 పెట్టి, గొట్టం మూసి, మా బావమరిదిని పెడల్ మెల్లగా తొక్కమన్నాను. లైటు వెలుగులో ఆ తెల్లగీత మెల్లగా, మెట్లు ఎక్కుతున్నట్టు జరుగుతూ వెళ్లి 33 దగ్గర నిలబడింది. పాత డిస్ట్రిబ్యూటర్‌తో ఇదే పరీక్ష చేసినప్పుడు ఆ గీత చచ్చినట్టు ఒకే చోట ఉండిపోయింది. ఆ కదలిక చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

ఒకే రోడ్డు మీద, ఒకే పెట్రోలు బంకులో నింపించుకుని, ముందూ తర్వాతా కొలిచాను. 30 నుంచి 60 మైళ్లకు చేరడానికి అంతకుముందు 16 సెకన్లు పట్టేది, ఇప్పుడు 11. మైలేజీ గాలన్‌కి 14 నుంచి 18కి వచ్చింది. కార్బొరేటర్ అదే, హెడ్ అదే, సైలెన్సర్ అదే. మొత్తం ఖర్చు 265 డాలర్లు.

ఆదివారం పెద్దాయన్ని అడిగి ఎక్కించుకున్నాను. ఆయన కూతురు వీల్‌చెయిర్ మడిచి డిక్కీలో పెట్టింది. వాచుంగ్ దారిలోనే వెళ్లాం. కింద 45లో మొదలుపెట్టి పూర్తిగా తొక్కాను. గేరు ఒకటి కిందికి పడింది, సీటు వీపుకి తగిలింది, పైకి చేరేసరికి 50 చూపిస్తోంది. నాకింగ్ లేదు. ఆయన దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నారు, పశువు వీపు మీద చెయ్యి వేసినట్టు. పైన ఆపాక "ఊఁ, ఇదే" అన్నారు. కిందికి దిగేటప్పుడు మాత్రం బ్రేకు తొక్కి చూసి, "వీటి సంగతి చూడు" అన్నారు.

ఫాల్కన్ గారూ, రెండు గదుల మాస్టర్ సిలిండర్, మూడు గొట్టాలు నిన్న పార్సిల్ వచ్చాయి. పాత పెడల్ రాడ్‌ని కొత్తదానికి కలపడంలో ఏమైనా తిరకాసు ఉందా? ఈ శనివారం మొదలుపెడుతున్నాను.

ఫాల్కన్_66

ఉంది. రాడ్ పొడవు సరిచూసుకోండి. పొడవెక్కువైతే పెడల్ వదిలినా లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, బ్రేకులు పట్టుకుని డ్రమ్ములు కాలతాయి. పొట్టిదైతే పెడల్ సగం దాకా ఊరికే పోతుంది. చేత్తో నొక్కితే పిస్టన్‌ని తాకే ముందు కొద్దిగా, పావు అంగుళం పెడల్ కదలిక అంత, ఖాళీ ఉండాలి. బిగించే ముందే సిలిండర్‌ని బల్ల మీద వైస్‌లో పట్టి గాలి తీసేయండి, తర్వాత పని సులువవుతుంది. పాత బ్రేక్ ఫ్లూయిడ్ కారు పెయింటు మీద పడకుండా కింద తడిగుడ్డ పరవండి. ఆ లేత నీలం మళ్లీ దొరకదు.